బోర్డు లేని కొట్టులో కుట్టించిన కెమెరా సంచి, ఏడాదిన్నర వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఈ కొట్టుకి పేరు లేదు, కాబట్టి పేరు అడక్కండి. రాజమండ్రి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, కారు సీటు కవర్లు కుట్టే షాపుకి ఆనుకుని, రెండు మిషన్లూ ఒక స్టూలూ పట్టేంత గది. బోర్డు ఉండాల్సిన చోట పాత బరకం ముక్క చూరులా వేలాడుతుంటుంది. బడిపిల్లల సంచులకి జిప్పులు మార్చడం, హార్మోనియానికీ డోలుకీ తొడుగులు కుట్టడం, తెగిన పట్టీలకి కొత్త నవారు వేయడం, ఇదీ ఆయన పని. కెమెరా సంచి ఆయన అంతకుముందు ఎప్పుడూ కుట్టలేదు. నేను వెళ్ళి పట్టుబట్టాను కాబట్టి కుట్టారు, ఏడాదిన్నర దాన్ని ఎండకీ వానకీ తిప్పాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నాది పాలకొల్లు. నాన్నకి స్టూడియో ఉండేది, నేను పెళ్ళిళ్ళు తీస్తాను. కూడు పెట్టేది డిజిటల్: నికాన్ జెడ్5, దానికి లెన్సులు 24-70 ఒకటి, 85 ఒకటి. నాన్న చేతి నుంచి నాకు వచ్చింది నికాన్ ఎఫ్‌ఎం2, పాత 50 ఎంఎం లెన్సుతో. 1982లో వచ్చిన మోడలు అది, షట్టరు మొత్తం మెకానికల్, రెండు బొత్తాం బ్యాటరీలు వేస్తే అవి వెలుతురు కొలిచే మీటరుకే, అవి చచ్చినా ఫోటో ఆగదు, అందుకే దాన్ని వదల్లేను. పెళ్ళంతా డిజిటల్‌లో తీసేసి, తలంబ్రాలు అయి జనం భోజనాలకి లేచాక, పెళ్ళికూతురి అమ్మమ్మనో, గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళనో ఒక అరడజను ఫ్రేములు ఫిల్ము మీద తీసుకుంటాను. దానికి ఎవరూ డబ్బులివ్వరు, నేనూ అడగను. అలా నా సంచిది రెండిళ్ళ కాపురం, గొడవంతా అక్కడే.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో కొన్న బ్యాక్‌ప్యాక్ ఒకటి వాడాను. కంపెనీ పేరు చెప్పను, ఆరు వేల పైనే పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. చిన్నవీ పెద్దవీ కలిపి 19 జేబులు, కూర్చుని లెక్కపెట్టాను. అన్ని జేబులుంటే పెట్టడం తేలికే, తీయడమే గగనం. నరసాపురం దగ్గర ఒక పెళ్ళిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే నిమిషానికి బ్యాటరీ అయిపోయింది. ఇంకోటి ఉంది, ఫుల్ ఛార్జింగుతోనే ఉంది, కానీ ఏ జేబులో పెట్టానో గుర్తు రాదు, గట్టిమేళం మోగుతోంది, నేను వరసగా జిప్పులు లాగుతున్నాను, పెళ్ళికొడుకు మేనత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మా కుర్రాడు రెండో కెమెరాతో పక్కనే ఉన్నాడు కాబట్టి పరువు దక్కింది. ఇక రెండో వానాకాలానికి ఆ బ్యాగు రెయిన్ కవరు లోపలి పూత పొట్టులా లేచిపోయి చేతికి జిగురు అంటుకోవడం మొదలైంది, దాన్ని పారేశాను.

అసలు దెబ్బ ఇది కాదు. ఒక ఏడాది శ్రావణం పెళ్ళిళ్ళు అయ్యాక ఎఫ్‌ఎం2ని లెన్సుతో సహా ఆ బ్యాక్‌ప్యాక్‌లోనే పెట్టి, జిప్పు వేసి, భద్రంగా ఉంటుంది కదా అని బీరువాలో పెట్టేశాను. కార్తీకంలో తీసి, లెన్సుని కిటికీ వెలుతురుకి ఎదురు పెట్టి చూస్తే లోపల సాలీడు అల్లినట్టు సన్నటి పోగులు. ఫంగస్. హైదరాబాద్ పంపి విప్పించి తుడిపించాను, పోగులు పోయాయి గానీ ఒక అంచున మచ్చ ఉండిపోయింది, ఎందుకంటే ఫంగస్ గాజు మీద పూతని తినేస్తుంది, తిన్నది తుడిస్తే తిరిగి రాదు. నాన్న ఏమీ అనలేదు. లెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, మా పాత స్టూడియోలో చెక్క బీరువాలో రాత్రీ పగలూ ఒక 15 వాట్ల బల్బు వెలుగుతూ ఉండేది గుర్తుందా అన్నారు. గుర్తుంది. చిన్నప్పుడు అది దేవుడి దీపం లాంటిదేదో అనుకునేదాన్ని, ఆ వెచ్చదనానికి లోపల తేమ నిలవకుండా పెట్టిందని తెలియదు.

మనది డెల్టా అండీ. ఇంటి ముందు కాలవ, వెనక చెరువు, చుట్టూ వరిచేలు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారిపోతుంది, వేయించిన అప్పడం అరగంటలో మెత్తబడిపోతుంది. గాల్లో తేమ 60 శాతం దాటి అక్కడే నిలిచిపోతే లెన్సుకి ఫంగస్ భయం మొదలైనట్టే, మా ఇంట్లో వానాకాలం తేమ మీటరు 80 దగ్గర కూర్చుని దిగదు. అలాంటి చోట కెమెరా బ్యాగంటే ఏమిటి? చీకటి, గాలాడని స్పాంజి, వానకి తడిసిన బట్ట, మన భుజం చెమట. పుట్టగొడుగులు పెంచేవాళ్ళు కూడా ఇంతకంటే మంచి ఏర్పాటు చేయలేరు. బ్యాగు మోయడానికే, దాచడానికి కాదు, ఇది నాకు ఒక లెన్సు పోగొట్టుకుంటే గానీ తెలియలేదు. యూట్యూబులో బ్యాగుల గురించి చెప్పేవాళ్ళు ఎక్కడెక్కడి పొడి ఊళ్ళలోనో ఉండి చెబుతారు, వాళ్ళకి ఈ బాధ లేదు.

సరే, పెళ్ళి నుంచి రాగానే బ్యాగులోంచి అన్నీ తీసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి, అందరూ చెప్పేది ఇదే. చెప్పడం బాగానే ఉంటుంది. రాత్రి రెండు గంటలకి ఇంటికి వచ్చి, కాళ్ళు పీకుతుంటే, కెమెరా బాడీలు రెండు, లెన్సులు మూడు, ఫ్లాషు, బ్యాటరీలు, ఫిల్ము రోళ్ళు ఒక్కొక్కటి తీసి డబ్బాలో సర్ది, మళ్ళీ పొద్దున్నే అయిదింటికి ఇంకో పెళ్ళికి అన్నీ తిరిగి బ్యాగులో సర్దేది ఎవరు? నేను మూడు రోజులు చేశాను, నాలుగో రోజు మానేశాను. నాకు కావాల్సింది ఒక్కటే: బ్యాగు లోపల అరలన్నీ కలిసి ఒక గూడులా ఉండాలి, చెవులు పట్టుకుని లేపితే మొత్తం ఒక్కసారే బయటికి రావాలి, అలాగే తీసుకెళ్ళి డబ్బాలో దింపేయాలి. ఇలాంటి విడి అరల పెట్టెలు బజార్లో దొరుకుతాయి, కానీ ఏ కంపెనీ పెట్టె కూడా నా డబ్బా కొలతకి సరిపోదు, ఒకటి బారు ఎక్కువ, ఇంకోటి పెడితే మూత పడదు.

అందుకని స్టీలు సామాన్ల కొట్లో, మూత చుట్టూ రబ్బరు ఉండి నాలుగు వైపులా లాకులు పడే ప్లాస్టిక్ డబ్బా ముందు కొన్నాను. దాన్నే పట్టుకుని రాజమండ్రి బస్సెక్కాను. మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా ఒళ్ళో డబ్బా, అందులో తువ్వాలు చుట్టిన కెమెరాలు. కండక్టరు గారు టికెట్టు కొడుతూ "ఆవకాయేనా అండీ?" అని అడిగారు. అవునన్నాను, ఎందుకొచ్చిన గొడవ.

కొట్టాయన అరవై దాటిన మనిషి. డబ్బా చూశారు, కెమెరాలు చూశారు.

"ఇందులో పట్టాలా, సంచిలో పట్టాలా అమ్మా?"

"రెండిట్లోనూ బాబాయ్ గారూ. గూడు ఒకటే, అది ఇందులోంచి తీసి అందులో పెడతాను."

"ఆయ్. అయితే ముందు గూడు కుడదాం. సంచిదేముంది, దానికి చొక్కా."

ఆ తర్వాత ఆయన చేసిన పని చూసే నాకు నమ్మకం కుదిరింది. నేను కొలతలు కాగితం మీద రాసుకెళ్ళాను, అది పక్కన పడేశారు. పాత పేపరు పరిచి ఎఫ్‌ఎం2ని దాని మీద బోర్లా పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీశారు, తర్వాత జెడ్5ని లెన్సు కిందికి ఉండేలా నిలబెట్టి ఇంకో గీత. అప్పుడు పేపరు మీదే కెమెరా ఉంచి, "పెళ్ళిలో హడావుడిగా తీస్తారు కదా, ఎలా తీస్తారో అలా తియ్యండి" అన్నారు. తీశాను. "మళ్ళీ తియ్యండి." మళ్ళీ తీశాను. నా చెయ్యి ఎటు నుంచి వస్తోంది, వేళ్ళు ఎక్కడ దూరుతున్నాయి అని చూసి, గీతకి కుడివైపున తన రెండు వేళ్ళు ఆనించి అంత ఖాళీ వదిలి ఇంకో గీత కొట్టారు. నా ఆరు వేల బ్యాగులో ఆ రెండు వేళ్ళ ఖాళీ లేదు, అందుకే దాంట్లోంచి కెమెరా తీయాలంటే పనసకాయ వలిచినట్టు ఉండేది.

స్పాంజి దగ్గర కొంచెం వాదన జరిగింది. ఆయన దగ్గర ఉన్నది సోఫాల్లో వేసే పసుపు రంగు స్పాంజి, అదే వేస్తానన్నారు. నేను వద్దన్నాను. ఆ రకం స్పాంజి మన తేమకి నాలుగైదేళ్ళలో లోలోపల కుళ్ళినట్టయి జిగురూ పొడీ అయిపోతుంది. పాత ఫిల్ము కెమెరాల వెనక తలుపు అంచున వెలుతురు రాకుండా అంటించే నల్ల స్పాంజి తారులా కరిగిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు, అదీ ఇదీ ఒకే జాతి. ఎఫ్‌ఎం2 వెనక తలుపు తీసి ఆ జిగురు మరక చూపిస్తే ఆయన వేలితో రాసి వాసన చూసి, "మా రికార్డు డాన్సు వాళ్ళ డప్పు కవర్లో కూడా ఇలాగే అయ్యిందమ్మా, ఎలకలేమో అనుకున్నా" అన్నారు. చివరికి పక్క షాపులోంచి గట్టి ఫోము షీటు తెప్పించారు, చెప్పుల అడుగున వేసే రకం, నీరు పీల్చదు, నలిగి పొడి అవదు. గోడలకి 10 మిల్లీమీటర్లు, మధ్య అడ్డాలకి 6. దాని మీద కారు పైకప్పు లోపల అంటించే నూగు బట్ట, వెల్క్రో దానికి బాగా అతుక్కుంటుంది కాబట్టి అడ్డాలు ఎటైనా జరుపుకోవచ్చు.

రంగు మాత్రం నా ఆలోచన. గూడులో సగం బూడిద రంగు బట్ట, అటువైపంతా డిజిటల్. మిగతా సగం ఆవపిండి రంగు, అటువైపంతా ఫిల్ము. మండపంలో లైట్లు ఎటు నుంచి ఎటు కొడుతున్నాయో తెలియని చోట, కూర్చుని వెతికే టైము లేనప్పుడు, రంగు చూసి చెయ్యి పెట్టేస్తాను.

బూడిద వైపు: 24-70 బిగించిన జెడ్5 లెన్సు కిందికి, పక్కన 85 నిలువుగా, దాని పక్కన ఫ్లాషు. పై అంచున నాలుగు సన్నటి అరలు వరసగా, బ్యాటరీలకి. ఇక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నాను, ఛార్జింగు ఉన్న బ్యాటరీ రాగి రేకులు కిందికి, అయిపోయినది రేకులు పైకి. అయిపోయిన దాన్ని అలా తిప్పి పెట్టడం చేతికి అలవాటైపోయింది, ఇప్పుడు చూడను కూడా. పైకి ఉన్న రేకులకి తాళంచెవులో చిల్లరో తగిలితే షార్టు అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి వాటి ప్లాస్టిక్ మూతలు పారేయకుండా తొడుగుతాను, మీరూ పారేయకండి. మెమరీ కార్డులకి విడిగా చిన్న పర్సు, అందులోనూ అదే రూలు, ఖాళీవి బొమ్మ పైకి, నిండినవి బోర్లా. ఆ పర్సుకి పొడుగాటి తాడు కుట్టి గూడు గోడకి కట్టేశారాయన, ఎందుకంటే కార్డుల పర్సు మర్చిపోవడమంటే పెళ్ళి మర్చిపోవడమే.

ఆవపిండి వైపు: ఎఫ్‌ఎం2 వెల్లకిలా, 50 ఎంఎం దానికే బిగించి. పక్కన రోళ్ళకి పది గుండ్రటి గూళ్ళు, బీడీల కట్టల పెట్టె లాగా ఉందని ఆయనే అన్నారు. అయిదు ఎడమ వరస, అయిదు కుడి వరస. ఎడమ వరస కొత్త రోళ్ళు, కుడి వరస తీసేసినవి. ఇంత పట్టింపు ఎందుకంటే ఒకసారి నేను తీసేసిన రోలుని వెనక్కి చుట్టేటప్పుడు నాలుక, అంటే ఫిల్ము మొదటి కొస, పూర్తిగా లోపలికి పోనివ్వకుండా కొంచెం బయట వదిలేశాను, నెల తర్వాత దాన్నే కొత్త రోలు అనుకుని మళ్ళీ ఎక్కించాను. మా అక్క మనవరాలి బారసాల మీద ప్రభల తీర్థం పడింది, అదే, కనుమకి అలంకరించిన పెద్ద వెదురు ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జాతర. ఉయ్యాల్లో పిల్ల, పిల్ల నుదుటి మీంచి ప్రభ, వెనక కొబ్బరిచెట్లూ గోడ గడియారమూ కలిసిపోయి. రెండు ఫ్రేములు నిజానికి బాగా వచ్చాయి, అక్కకి చూపిస్తే శకునం అనుకుంది. అప్పటి నుంచి నాలుక బయట ఉంచడం మానేశాను, పైగా తీసేసిన రోలు మీద కాగితం టేపు ముక్క అంటించి తేదీ, ఏ స్పీడుకి, అంటే ఫిల్ముకి వెలుతురు పట్టే శక్తి ఎంతని లెక్కేసి తీశానో రాస్తాను, ఎందుకంటే ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 400 ఫిల్ముని నేను ఒక్కోసారి రాత్రి పెళ్ళిళ్ళలో 1600కి పెట్టి తీస్తాను, ఆ సంగతి ల్యాబుకి చెప్పకపోతే వాళ్ళు మామూలుగా కడిగేస్తారు, ఫ్రేములు పల్చగా వస్తాయి. పెన్ను కూడా గూడులోనే ఉండాలి. దానికీ ఒక అర ఉంది.

రెండు వైపులకీ మధ్యలో ఒక అర మాత్రం ఉమ్మడి. పాత 50ని జెడ్5కి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరు, ఫిల్టర్లు, తుడిచే గుడ్డ, గాలి ఊదే రబ్బరు బుడ్డి అందులో. ఫిల్టరు ఒక్కటే కొన్నాను, 72 సైజుది, 24-70కి సరిపోయేది. 50కి 52 సైజు కాబట్టి 52 నుంచి 72కి పెంచే రింగు తగిలించి అదే వాడతాను. రెండు కెమెరాలున్నంత మాత్రాన అన్నీ రెండేసి కొనక్కర్లేదు, బరువు కూడా. బాడీలూ లెన్సులే రెండు కిలోలు దాటుతాయి, ఫ్లాషూ మిగతావీ కలిస్తే మూడు, ఒక భుజానికి అది తక్కువేం కాదు.

సంచి విషయానికొస్తే, గూడు మీద తొడిగే చొక్కా అన్నారే, అది ఆకుపచ్చ కాన్వాసు, అడుగున రెక్సిను, పట్టీకి రెండంగుళాల నవారు. మొదట మూతకి వెల్క్రో వేశారు. వారంలోనే తిరిగి తీసుకెళ్ళాను. కారణం రెండు. ఒకటి చప్పుడు, మంత్రాలు చదువుతుంటే పక్కన పర్రుమని మూత లాగితే పురోహితుడు గారు తలెత్తి చూస్తారు. రెండోది ఇంకా ఘోరం, పెళ్ళికూతురి గదిలో సంచి మంచం మీద పెడితే వెల్క్రో పళ్ళు పట్టుచీర కొంగుని పట్టుకున్నాయి, విడదీసేసరికి ఒక జరీ పోగు పైకి లేచింది. పిల్ల తల్లి చూడలేదు, పిల్ల చూసింది, ఏమీ అనలేదు, దేవుడు చల్లగా చూడాలి ఆ పిల్లని. మూతకి వెల్క్రో తీసేసి పెద్ద సైజు టిచ్ బటన్లు రెండు వేశారు. దానికి డబ్బులు తీసుకోలేదు. మగ ఫోటోగ్రాఫర్లు చాలామంది ఈ ఇబ్బంది ఎప్పుడూ చెప్పగా వినలేదు, వాళ్ళు పెళ్ళికూతురి మంచం మీద బ్యాగు పెట్టరు కాబట్టేమో.

ఏసీ గదుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్ళికూతురి గది 20 డిగ్రీల్లో చల్లగా ఉంటుంది, బయటికి వస్తే పందిట్లో ఉక్క, చల్లటి గాజు మీద తేమ పట్టేసి రెండు మూడు ఫోటోలు కాదు, పది నిమిషాలు పోతాయి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. గదిలోంచి వచ్చే ముందే కెమెరాని గూడులో పెట్టి మూత వేసేస్తే, లోపల మెల్లగా వెచ్చబడుతుంది. ఒక పావుగంట ముందు గుర్తు చేసుకుంటే చాలు, నేను సగం సార్లు మర్చిపోతాను. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్ముకీ ఇదే లెక్క, రేపు పెళ్ళి అంటే రాత్రే తీసి డబ్బీ మూత తెరవకుండా బయట పెట్టాలి.

అసలు పరీక్ష కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జరిగింది. ఏకాదశ రుద్రుల ప్రభలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కొబ్బరితోటకి వస్తాయి కదా, అందులో గంగలకుర్రు ప్రభల్ని కౌశిక కాలవ నీళ్ళలోంచి మోసుకొస్తారు. జనం అరుపులు, బాణసంచా, మోకాలు దాటిన నీళ్ళు, గట్టు మీద నిలబడడానికి చోటు లేదు. నేనూ దిగాను. సంచి పట్టీ కురచ చేసుకుని చంక కిందికి లాక్కున్నాను, జెడ్5 మెడలో, ఎఫ్‌ఎం2 లోపల. ప్రభ నా ముందు నుంచి పోతున్నప్పుడు ఒక చేత్తో బటన్లు విప్పి, చూడకుండా ఎడమవైపు చెయ్యి పెట్టి ఎఫ్‌ఎం2 తీశాను, రెండు వేళ్ళ ఖాళీ పని చేసింది. వెనక నుంచి ఎవరో తోస్తే నడుం దాకా కూర్చున్నంత పనైంది, సంచి అడుగు నీళ్ళలో మునిగింది. రెక్సిను అడుగు నీరు పీల్చలేదు. కానీ రెక్సినూ కాన్వాసూ కలిసే కుట్టు దగ్గర సూది బెజ్జాల్లోంచి నీళ్ళు ఊరాయి, గూడు అడుగు బట్ట అరచెయ్యంత మేర తడిసింది. ఫోము తాగదు కాబట్టి వస్తువులకి ఏమీ కాలేదు. కాన్వాసు మాత్రం మూడు రోజులు ఆరలేదు, ఆ వాసన గోనెసంచి వాసన. ఆయనకి చెబితే కుట్టు వెంబడి కొవ్వొత్తి రుద్ది ఇస్త్రీ పెట్టె వెచ్చగా ఆనించమన్నారు. చేశాను, వానకి ఆగుతోంది, కౌశికలో మళ్ళీ ముంచి చూడలేదు.

అంతర్వేది తీర్థానికీ ఇదే సంచి, నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి. సముద్రపు గాలి ఉప్పుకి జిప్పు రన్నరు బిగుసుకుపోయింది. పక్క జేబుకి ఆయన వేసినది 5 నంబరు జిప్పు, చిన్నది, అది మార్పించి 8 నంబరు వేయించాను. మీరు చేయించుకుంటే మొదటే 8 అడగండి, సముద్రం నుంచి రాగానే తడిగుడ్డతో జిప్పు తుడవండి.

ఇక ఇంట్లో డబ్బా. సంచి లేకుండా గూడు ఒక్కటే డబ్బాలోకి దిగుతుంది, పైన నాలుగు వేళ్ళ ఖాళీ, అక్కడ అరకిలో సిలికా జెల్ గుడ్డ మూటలో. ఇరవై సెకన్ల పని, అందుకే రాత్రి రెండింటికి కూడా చేస్తున్నాను. సిలికా జెల్ నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకి మారతాయి, అప్పుడు మూకుడులో సన్నటి సెగ మీద మళ్ళీ నీలం వచ్చేదాకా వేయించాలి. ఆ నీలం రంగు కోబాల్టు, ఒంటికి మంచిది కాదు, కాబట్టి ఆ మూకుడులో ఇంకేమీ వండకూడదు, కిటికీ తీసి వేయించాలి. నారింజ రంగు గింజలు కూడా వస్తున్నాయి, అవి మేలు. మా ఇంట్లో అందరూ మొదట బియ్యం పోయమన్నారు. ధాన్యం కొనేటప్పుడు 17 శాతం తేమ దగ్గర మన రైతులు ఎంత అవస్థ పడతారో తెలిసి కూడా బియ్యం పొడిగా ఉంటుందని ఎలా అనుకుంటామో! మిల్లు ఆడిన బియ్యంలోనే 14 శాతం దాకా తేమ ఉంటుంది, అది లెన్సుని ఏం ఆరబెడుతుంది, పురుగూ తవుడూ అదనం. కలరా ఉండలు కూడా వద్దు, ఆ ఆవిరి ఫిల్ముకి పడదు.

డబ్బాలో చిన్న తేమ మీటరు పెట్టాను, మూడు వందల రకం. అది నిజం చెబుతోందా అని చూసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్ద అయ్యేలా కొంచెం నీళ్ళు చిలకరించి, ఉప్పు కరిగిపోకూడదు, దాన్నీ మీటరునీ కలిపి గాలి పోని కవర్లో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి 75 చూపించాలి. నాది 69 చూపించింది. అంటే ఆరు తక్కువ చెబుతోంది, డబ్బాలో 40 కనిపిస్తే అసలు 46 అన్నమాట. 40 నుంచి 50 మధ్య ఉంటే హాయి. మరీ 30కి దించేయకండి, రబ్బరుకీ తోలుకీ అదీ మంచిది కాదు. కరెంటు మీద నడిచే డ్రై క్యాబినెట్టు కొనుక్కోగలిగితే ఈ వేయించడాలు ఉండవు, నాకు ఇప్పుడు అంత సామాను లేదు.

ఆయన మీద కంప్లయింట్లు లేవా అంటే ఉన్నాయి. బుధవారం ఇస్తానన్నది తర్వాతి మంగళవారం ఇచ్చారు, నేను రెండుసార్లు బస్సెక్కాను, రెండుసార్లూ రోజ్ మిల్క్ తాగి తిరిగొచ్చాను. బిల్లు లేదు. గూడు చెవులు మొదట సింగిల్ కుట్టు వేశారు, ఒకటి ఆర్నెల్లకి ఊడింది, అదృష్టం మంచం మీద ఊడింది. లేపి తీసే వస్తువుకి చెవులే ప్రాణం కదా, అక్కడ పొదుపు ఏమిటో అర్థం కాలేదు, ఇప్పుడు నవారు అడుగు కింద నుంచి చుట్టి కుట్టించాను. ట్రైపాడ్ కట్టుకునే పట్టీ గురించి ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు, రెండు పట్టీలూ ఒకవైపే కుట్టారు, ట్రైపాడ్ కడితే సంచి దొర్లిపోతుంది, అది వాడట్లేదు. ఇంకా ఒకటి, ఈ సంచి భుజానికి వేసుకునేది. బండి మీద అరవై కిలోమీటర్లు వెళ్ళే రోజు వీపు బ్యాగే నయం, ఆ రోజు గూడుని మా తమ్ముడి కాలేజీ బ్యాగులో దింపుకుని పోతున్నాను, పడుతోంది.

గూడుకి 850, సంచికి 1,400, జిప్పు మార్చినందుకు విడిగా 120. అన్నీ కలిపి ఆ ఆన్‌లైన్ బ్యాగులో సగం కూడా కాలేదు. ఏడాదిన్నరలో రెండు వానాకాలాలు గడిచాయి, మూడు లెన్సులూ నెలకోసారి టార్చి వేసి చూస్తున్నాను, కొత్త పోగు ఒక్కటి లేదు. 50లో పాత మచ్చ అలాగే ఉంది, వెలుతురుకి ఎదురుగా తీస్తే ఆ మూల కొంచెం పాలు కలిపినట్టు వస్తుంది.

వెళ్ళాలనుకుంటే మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి, అంతకుముందు భోజనం, కునుకు. కొలతలు రాసుకెళ్ళకండి, చూడరు, కెమెరాలూ డబ్బా పట్టుకెళ్ళండి. సోఫా స్పాంజి వద్దని గట్టిగా చెప్పండి, చెవులకి డబల్ కుట్టు అడగండి. జూన్‌లో మాత్రం వెళ్ళకండి, బడిసంచుల గుట్ట వెనకాల మనిషే కనబడరు.